‘వెయొర్థన్’ – ‘వర్తమానం’: ఒక ప్రాచీన ఆంగ్ల క్రియ వ్యుత్పత్తి, అర్థపరిణామం

వ్యాస సంగ్రహం:

ప్రాచీన ఆంగ్లంలో ‘అగు’, ‘సంభవించు’ అనే అర్థాలలో విరివిగా వాడబడిన క్రియ ‘వెయొర్థన్’. జర్మన్, డచ్, ఐస్లాండిక్ భాషలలో దీని సోదర రూపాలు నేటికీ నిత్యవ్యవహారంలో ఉండగా, ఆంగ్లంలో మాత్రం ఇది మధ్యయుగం ముగిసేనాటికి దాదాపు అంతరించింది. సంస్కృత ‘వృత్’ ధాతువుతో దీనికి ఉన్న సంబంధం ధ్వనిసూత్రాల ద్వారా నిరూపితమైనది. అదే ధాతువు నుండి వచ్చిన వర్తించు, వర్తమానం, వృత్తం, వార్త వంటి తత్సమాలు తెలుగులో ఉన్నందున ఈ క్రియ చరిత్ర తెలుగు పరిశోధకులకు కూడా ప్రయోజనకరమైనది. ఈ క్రియ అర్థాలను, మూలాన్ని, లోపానికి గల కారణాలను పరిశీలించి, పదసామ్యాన్ని వ్యుత్పత్తిగా భావించే ధోరణిలోని లోపాన్ని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ప్రాచీన ఆంగ్లం, వృత్ ధాతువు, వెర్నర్ సూత్రం, అర్థవిపరిణామం, తత్సమం, అగు ధాతువు.

1. ఉపోద్ఘాతం:

తెలుగు పదాలకు, ఆంగ్ల పదాలకు మధ్య కనిపించే పోలికలను పేర్కొని, వాటి ఆధారంగా భాషాసంబంధాన్ని ప్రతిపాదించడం మన వ్యాసాలలో తరచుగా కనిపించే పద్ధతి. ఇలాంటి ప్రతిపాదనలలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, తెలుగులోని తత్సమ పదాన్ని తెలుగు పదంగానే పరిగణించి ఆంగ్లంతో నేరుగా ముడిపెట్టడం. రెండు, చెవికి వినిపించే పోలికనే ప్రమాణంగా గ్రహించడం. భాషాశాస్త్రం ఈ రెండింటినీ అంగీకరించదు.

1786లో విలియం జోన్స్ కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో చేసిన ప్రసంగం సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలం ఉండవచ్చునని సూచించింది. 1816లో ఫ్రాంజ్ బాప్ ఆ భాషల క్రియారూపాలను శాస్త్రీయంగా పోల్చి చూపాడు. అదే 1816లో, కాంప్‌బెల్ రచించిన తెలుగు వ్యాకరణానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చేర్చిన పీఠికా వ్యాఖ్య తెలుగు ధాతువులు సంస్కృతజన్యాలు కావని, తెలుగు తమిళ కన్నడాది భాషల కుటుంబానికి చెందినదని నిరూపించింది. ఒకే సంవత్సరంలో వెలువడిన ఈ రెండు రచనలను కలిపి చదవడం అవసరం. ఒక పదం ఇండో–యూరోపియన్ వారసత్వమా, ద్రావిడ వారసత్వమా, ఆదానమా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పుకోకుండా పదచరిత్ర మొదలు కాదు. ఈ ప్రశ్నను స్పష్టంగా అడగడానికి ‘వెయొర్థన్’ తగిన ఉదాహరణ.

ఈ వ్యాసంలో ప్రాచీన ఆంగ్ల రూపాలను తెలుగు లిపిలో సూచించడం జరిగింది. వాటిలోని ‘థ’ తెలుగు మహాప్రాణం కాదు. నాలుక కొన పైపళ్లకు ఆనగా గాలి ఒరుసుకుంటూ వెలువడే దంత్య ఊష్మం. ఈ భేదం ముందుముందు కీలకమవుతుంది.

2. రూపం, అర్థాలు:

‘వెయొర్థన్’ ప్రాచీన ఆంగ్లంలో మూడవ తరగతికి చెందిన ‘బలక్రియ’. అంటే భూతకాలాన్ని ప్రత్యయంతో కాక ధాతువులోని అచ్చు మార్పుతో తెలిపే క్రియ. దాని ప్రధాన రూపాలు నాలుగు: తుమున్నంతం ‘వెయొర్థన్’, భూతకాల ఏకవచనం ‘వెయర్థ్’, భూతకాల బహువచనం ‘వుర్డొన్’, భూతకృదంతం ‘వొర్డెన్’. మొదటి రెండు రూపాలలో ‘థ’ ఉండగా తరువాతి రెండింటిలో ‘డ’ ఉండటం గమనార్హం.

బాస్‌వర్త్–టాలర్ నిఘంటువు (1898) వంటి ఆకరాలు చూపే ప్రయోగాలను స్థూలంగా నాలుగు విధాలుగా వర్గీకరించవచ్చు.

అ) అగు, మారు: ఒక స్థితి నుండి మరొక స్థితికి చేరడం. కోపించినవాడు అగు, రాజు అగు మొదలైనవి. ‘టో’ అనే విభక్త్యర్థకంతో కలిసినప్పుడు ఒక వస్తువు మరొక వస్తువుగా మారిందనే అర్థం వస్తుంది.

ఆ) సంభవించు: యుద్ధం, కరువు, తుపాను వంటివి కర్తలుగా ఉన్నప్పుడు ‘జరిగెను, వాటిల్లెను’ అనే అర్థం.

ఇ) కర్మణి సహాయక క్రియ: భూతకృదంతంతో కలిసి కర్మణి వాక్యాన్ని ఏర్పరచడం. ఆంగ్లో–సాక్సన్ క్రానికల్‌లో రాజులు, సేనానులు వధింపబడిన సందర్భాలలో ఈ క్రియ పదే పదే కనిపిస్తుంది.

ఈ) ఉపసర్గలతో ఏర్పడే అర్థాలు: ‘ఫొర్‌వెయొర్థన్’ అంటే నశించు, ‘యెవెయొర్థన్’ అంటే జరుగు, ఒప్పుదల అగు, సమ్మతమగు.

వీటిలో మూడవది ప్రత్యేకంగా చర్చించదగినది. ప్రాచీన ఆంగ్లంలో కర్మణి వాక్యాన్ని ‘ఉండు’ అర్థక క్రియతోనూ, ‘వెయొర్థన్’తోనూ నిర్మించవచ్చు. వీటి మధ్య హద్దు అన్ని చోట్లా కచ్చితంగా పాటించబడలేదు గాని, మొదటిది స్థితివైపు, రెండవది సంఘటనవైపు మొగ్గు చూపుతాయి. నేటి జర్మన్‌లో ఈ భేదం స్పష్టంగా నిలిచి ఉంది. ఆంగ్లం మాత్రం రెండింటికీ ఒకే నిర్మాణాన్ని వాడుతుంది. ‘ద డోర్ వజ్ క్లోజ్డ్’ అన్న వాక్యం ఎదురైనప్పుడు ‘తలుపు మూసి ఉంది’ అని రాయాలో, ‘తలుపు మూశారు’ లేదా ‘మూయబడింది’ అని రాయాలో తెలుగు అనువాదకుడు సందర్భాన్ని బట్టి నిర్ణయించుకోవలసి వస్తుంది. తెలుగు తప్పనిసరిగా పాటించే భేదాన్ని ఆంగ్లం చెప్పకుండా వదిలివేయడమే ఇందుకు కారణం. ఆ భేదాన్ని చెప్పగల సాధనం ఒకప్పుడు ఆంగ్లానికి ఉండేది.

3. ధ్వనుల సాక్ష్యం:

ఈ క్రియకు జర్మానిక్ శాఖ అంతటా సోదర రూపాలు ఉన్నాయి: గోథిక్ ‘వెర్థన్’, ప్రాచీన నార్స్ ‘వెర్ధ’, జర్మన్ ‘వేర్డెన్’, డచ్ ‘వొర్డెన్’. శాఖ వెలుపల లాటిన్ ‘వెర్తెరె’ (త్రిప్పు), లిథువేనియన్ ‘విర్స్తి’ (పడు, మారు), సంస్కృత ‘వర్తతే’ కనిపిస్తాయి. వీటన్నింటికీ ‘తిరుగు’ అనే అర్థం గల ‘*వెర్త్’ అనే ఇండో–యూరోపియన్ మూలధాతువును పునర్నిర్మించారు.

సంస్కృత ‘త’కారానికి జర్మానిక్‌లో దంత్య ఊష్మం రావడం 1822లో యాకబ్ గ్రిమ్ వివరించిన సూత్రం ప్రకారం సహజమే. సంస్కృత ‘త్రి’కి ఆంగ్ల ‘త్రీ’ మొదట నిలిచే ఊష్మం ఇందుకు సుపరిచితమైన ఉదాహరణ. కాబట్టి ‘వర్త్–’కు ‘వెయొర్థ్–’ సరిగా సరిపోతుంది. మరి ‘వుర్డొన్’, ‘వొర్డెన్’ రూపాలలో ‘డ’ ఎక్కడిది? గ్రిమ్ సూత్రానికి ఇలాంటివి అపవాదాలుగా మిగిలిపోయాయి.

ఈ సమస్యను డెన్మార్క్‌కు చెందిన కార్ల్ వెర్నర్ పరిష్కరించాడు. కూన్ సంపాదకత్వంలోని పత్రిక 1877 నాటి సంపుటంలో వెలువడిన అతని వ్యాసం ఆ అపవాదాలకు కారణం వేదభాషలో భద్రంగా ఉందని చూపింది. వృత్ ధాతువు లిట్ రూపాలలో ‘వవర్త’ అనే ఏకవచనంలో ఉదాత్తం ధాతువుపై, అంటే ‘వర్’ అనే అక్షరంపై ఉంటుంది. ‘వవృతిమ’ అనే బహువచనంలో ఉదాత్తం చివరి ప్రత్యయంపైకి జరుగుతుంది. ఊష్మానికి ముందున్న అక్షరం ఉదాత్తమైతే జర్మానిక్‌లో ఊష్మం శ్వాసంగానే నిలిచింది. కాకపోతే నాదంగా మారింది. ఏకవచనంలోని ‘వెయర్థ్’కు, బహువచనంలోని ‘వుర్డొన్’కు మధ్య భేదం ఇదే. ఆ నాద ఊష్మమే తరువాత ప్రాచీన ఆంగ్లంలో ‘డ’కారంగా స్థిరపడింది. సంస్కృతంలోని ‘ఋ’కారానికి జర్మానిక్‌లో ‘ఉర్’ రావడం కూడా సూత్రబద్ధమే. ‘వృత్’, ‘వుర్డ్’ రూపాల సంబంధం దానితో తేటపడుతుంది.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటుంది. ప్రాచీన ఆంగ్లంలో ఆ స్వరం మిగలలేదు. జర్మానిక్ భాషలలో బలాఘాతం పదాదికి స్థిరపడి, పాత ఉదాత్త స్థానాలు చెరిగిపోయాయి. ఆ స్వరం పోయినా దాని గుర్తు హల్లులో మిగిలింది. వేదపాఠకులు స్వరాన్ని తరతరాలుగా నిలుపుకొని రాకపోయినట్లయితే ఆ హల్లు మార్పుకు అర్థం ఇంత తేలికగా దొరికేది కాదు. మౌఖిక సంప్రదాయం భాషాచరిత్రకు చేసిన ఉపకారంగా దీనిని పేర్కొనవచ్చు.

4. శ్రవణసామ్యం – సూత్రబద్ధ సామ్యం:

చెవికి వినిపించే పోలికను మాత్రమే అనుసరిస్తే ‘వెయొర్థన్’ ఎక్కడికి చేరుతుందో పరిశీలించడం ఉపయుక్తం. ‘థ’, ‘ధ’ రెండూ తెలుగువారికి మహాప్రాణాలు. అందువల్ల ‘వెయొర్థ్–’ అనగానే ‘వర్ధిల్లు’, ‘వర్ధమానం’ గుర్తుకు రావడం సహజం. అర్థం కూడా సహకరిస్తున్నట్లే కనిపిస్తుంది. పెరగడం, అవడం దగ్గరి భావాలే. ఆంగ్లంలోనే ‘పెరుగు’ అనే అర్థం గల ‘వెయక్సన్’ క్రియ ‘అగు’ అనే అర్థంలో వాడబడింది. అయినా ఈ సంబంధం నిలవదు. ‘వర్ధిల్లు’లోని ధాతువు ‘వృధ్’. సంస్కృత ‘ధ’కారానికి మూలమైన ధ్వని జర్మానిక్‌లో ‘ద’కార వర్గంగా మారుతుంది గాని శ్వాస ఊష్మంగా మారదు. ‘వెయొర్థన్’ తుమున్నంతంలో శ్వాస ఊష్మం ఉన్నందున దానికి మూలం ‘త’కారమే కావాలి. అంటే వెయొర్థన్‌కు చుట్టం ‘వర్ధిల్లు’ కాదు, ‘వర్తిల్లు’. తెలుగులో ఒక్క ఒత్తు తేడాతో కనిపించే ఈ రెండు క్రియల మధ్య వేల ఏళ్ల దూరం ఉంది.

రెండవ ప్రలోభం ‘వర్తకుడు’. ‘విలువ’ అనే అర్థం గల నేటి ఆంగ్ల పదం ‘వర్త్’ను, తెలుగు ‘వర్తకుడు’ను పక్కపక్కన పెట్టి ‘విలువ కట్టేవాడు’ అని వివరించాలనిపిస్తుంది. కాని విలువను తెలిపే ‘వర్త్’ కూడా ‘తిరుగు’ ధాతువు నుండే వచ్చిందా అన్నది పండితుల మధ్య వివాదాస్పదం. ఇక సంస్కృత సంప్రదాయంలో వర్తకం వృత్తితో, అంటే జీవనోపాధితో ముడిపడింది. కౌటిల్యుని అర్థశాస్త్రం పేర్కొన్న నాలుగు విద్యలలో ‘వార్త’ ఒకటి. కృషి, పశుపాలన, వాణిజ్యం కలిస్తే వార్త. ఇందులో విలువ కట్టడం అనే భావానికి తావులేదు. పోలిక నిజమైనప్పటికీ వివరణ తప్పు కావచ్చునని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

మూడవ అంశం తెలుగు వైపు నుండి చెప్పవలసినది. ‘వర్తించు’ తెలుగుకు ఆదానం. దాని చివర నిలిచిన ‘–ఇంచు’ ప్రత్యయమే ఆ విషయాన్ని ప్రకటిస్తుంది; సంస్కృత ధాతువులను తెలుగు క్రియలుగా మార్చుకోవడానికి భాష వాడే సాధనం అది. కాబట్టి ‘వెయొర్థన్’కు, తెలుగు ‘వర్తించు’కు మధ్య ఉన్నది సోదర సంబంధం కాదు. వెయొర్థన్, వర్తతే సోదరులు. వర్తించు రెండవవాని ఇంటి నుండి తెచ్చుకున్న సొత్తు. ఎల్లిస్ రెండు శతాబ్దాల కిందట చేసిన విభజన ఇప్పటికీ ఇంత సూటిగా పనిచేస్తుంది.

5. ‘తిరుగు’ నుండి రెండు దారులు:

తిరగడం అనే భౌతిక చర్య ‘అగు’ అనే భావంగా ఎలా పరిణమించింది? తిరగడంలో రెండు అంశాలు ఉన్నాయి. చక్రం ఉన్నచోటనే తిరుగుతూ ఉంటుంది; అది కొనసాగింపు. బాటసారి మలుపు తిరుగుతాడు. అది దిశ మారడం. ధాతువు అర్థంలో ఇమిడి ఉన్న ఈ రెండు అంశాలను రెండు శాఖలు వేర్వేరుగా ప్రధానం చేసుకున్నాయి.

సంస్కృతం ప్రధానంగా మొదటి దారి పట్టింది. ‘వర్తతే’ అంటే తిరుగుతుంది, సాగుతుంది, ఉంటుంది, జీవిస్తుంది, నడుచుకుంటుంది. పాణినీయ ధాతుపాఠం ఈ ధాతువుకు అర్థంగా ‘వర్తన’ శబ్దాన్నే చెబుతుంది. దానికంటే సరళమైన పర్యాయం అక్కరలేనంతగా ఆ భావం స్థిరపడిందన్నమాట. తెలుగులోకి వచ్చిన ప్రవర్తన, వృత్తి, ఆవృత్తి, వర్తనం ఈ దారిలోనివే. నియమం ‘వర్తిస్తుంది’ అన్నప్పుడు కూడా దాని అమలు సాగుతూ ఉందనే భావం. జర్మానిక్ శాఖ రెండవ దారి పట్టింది. తిరగడం అంటే ఇంకొకటిగా తిరగడం, అంటే మారడం, అవడం.

ఈ భేదం ఒకే ఒక్క పదంలో స్ఫుటంగా కనిపిస్తుంది. ‘వర్తమానం’ వృత్ ధాతువుకు వర్తమానార్థక కృదంత రూపం. నార్స్ పురాణగాథలలో విధిని నిర్ణయించే ముగ్గురు స్త్రీలలో ఒకరి పేరు ‘వెర్ధంది’. ‘వోలుస్పా’ అనే కావ్యంలో ఈ ముగ్గురి పేర్లు ఉన్నాయి. ‘వెర్ధంది’ కూడా ‘వెర్ధ’ క్రియకు వర్తమానార్థక కృదంతమే. ప్రత్యయాలు వేరు, ధాతువు ఒకటి, కృదంత స్వభావం ఒకటి, సూచించే కాలమూ ఒకటే. అయితే సంస్కృత వ్యాకర్తకు వర్తమానమంటే మొదలై ఇంకా ముగియక సాగుతున్నది. నార్స్ గాథకు వర్తమానమంటే ఇప్పుడిప్పుడే అవుతున్నది. ఒకటి వర్తమానాన్ని ప్రవాహంగా చూసింది, మరొకటి ఆవిర్భావంగా చూసింది. ఆ ముగ్గురిలో గతానికి ప్రతినిధి అయిన ‘ఉర్ధ్’ పేరు కూడా ఈ ధాతువు నుండే ఏర్పడింది. మన వ్యాకరణంలో భూతకాలానికి ‘భూ’ ధాతువు, వర్తమానానికి ‘వృత్’ ధాతువు పేర్లు ఇవ్వగా, అక్కడ రెండింటికీ వృత్ ధాతువే ఆధారమైంది.

సంస్కృతంలో ‘మారు’ అనే రెండవ దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఉపసర్గలు దానిని తెరిచి ఉంచాయి. ‘పరివర్తన’ మార్పే. వేదాంతంలో ‘వివర్తం’ మరింత ఆసక్తికరం. పాలు పెరుగైతే అది పరిణామం. తాడు పాముగా తోస్తే అది వివర్తం. పరిణామంలోని ‘నమ్’ ధాతువుకు వంగడం అని అర్థం. వివర్తంలోని ‘వృత్’కు తిరగడం అని అర్థం. వాస్తవమైన మార్పుకు వంపు, తోచే మార్పుకు తిరుగుడు సంకేతాలైనాయి. భవభూతి ఉత్తరరామచరితంలో కరుణరసం ఇతర రసాలుగా కనిపించడాన్ని చెప్పడానికి ‘వివర్త’ శబ్దాన్నే ఎన్నుకున్నాడు. జర్మానిక్ శాఖలో సాధారణ క్రియకు దక్కిన ‘వేరొకటిగా తిరుగు’ అనే అర్థం సంస్కృతంలో పారిభాషిక పదానికి దక్కింది.

ఇతర శాఖల సాక్ష్యం కూడా దీనికి బలమిస్తుంది. లాటిన్‌లో ‘వెర్సుస్’ అంటే మొదట నాగలి తిరిగే మలుపు, చాలు. తరువాత వ్రాత పంక్తి, పద్యపాదం. ఆంగ్ల ‘వెర్స్’ దాని నుండే వచ్చింది. సంస్కృతంలో ఉత్పలమాల, శార్దూలాది ఛందస్సులకు ‘వృత్తం’ అని పేరు. ధాతువు ఒకటే అయినా ఛందఃపరమైన అర్థాలు రెండు చోట్లా స్వతంత్రంగా ఏర్పడినవే. ‘మార్గం’ అనే అర్థం గల సంస్కృత ‘వర్త్మన్’కు సరిసమానమైన నిర్మాణం గల రష్యన్ పదం ‘వ్రేమ్య’కు అర్థం ‘కాలం’. చక్రం తిరిగిన జాడ ఒకచోట దారి అయింది, మరొకచోట కాలమైంది.

6. విధివాచకం – ‘వియర్డ్’:

వెయొర్థన్ నుండి ఏర్పడిన నామవాచకం ‘వ్యుర్డ్’. దీనిలోని ‘డ’ కూడా వెర్నర్ సూత్రఫలమే. దీని వాచ్యార్థం ‘సంభవించినది’. ప్రాచీన ఆంగ్ల గ్రంథాలలో సంఘటన, దశ, విధి అనే అర్థాలలో ఇది కనిపిస్తుంది. లాటిన్ పదాలకు అర్థాలు రాసిన పాత పదపట్టికలలో రోమన్ విధిదేవతల పేరుకు సమానార్థకంగా దీని బహువచనాన్ని ఇచ్చారు. ఈ ఆధారంతో వ్యుర్డ్‌ను క్రైస్తవ పూర్వ మతానికి చెందిన సర్వశక్తిమంతమైన దేవతగా చిత్రించిన విమర్శకులు ఉన్నారు. కాని అనేక సందర్భాలలో అది కేవలం ‘జరిగినది’ అనే అర్థంలోనే ఉంది. ఆల్ఫ్రెడ్ రాజుకు చెందినదిగా సంప్రదాయం చెప్పే బోయెథియస్ అనువాదం వ్యుర్డ్‌ను దైవసంకల్పానికి లోబడినదిగా వివరించింది. పదమూలాన్ని బట్టి మతవిశ్వాసాన్ని ఊహించడంలో ఉన్న ప్రమాదానికి ఇది నిదర్శనం.

తెలుగులో విధికి ‘రాత’, ‘నుదుటిరాత’ అని వ్యవహారం. ఇది ముందే లిఖితమైనదన్న భావన. ‘ప్రాప్తం’ అంటే చేరవచ్చినది. ‘వ్యుర్డ్’ అంటే తిరిగి వచ్చి సంభవించినది. తెలుగు ‘వార్త’ కూడా ‘జరిగినదాని కథనం’ అనే అర్థానికి చేరింది గాని విధివాచకం కాలేదు. ఒకే ధాతువుకు చెందిన పదాలు ఒక భాషలో విధిని, మరొక భాషలో సమాచారాన్ని తెలపడం సంస్కృతుల ఊహలలోని భేదాన్ని సూచిస్తుంది.

షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ నాటకం ద్వారా ఈ పదం ఆధునిక ఆంగ్లంలోకి మళ్లీ ప్రవేశించింది. హోలిన్‌షెడ్ చరిత్ర గ్రంథం నుండి షేక్‌స్పియర్ గ్రహించిన ‘వియర్డ్ సిస్టర్స్’ అన్న మాటకు ‘విధి సోదరీమణులు’ అని అర్థం. ‘వింతైన’ అనే నేటి అర్థం స్థిరపడింది 19వ శతాబ్దంలో. తెలుగులో ఈ పాత్రలను ‘మంత్రగత్తెలు’ అనడం పరిపాటి. నాటకంలోని రంగసూచనలు దీనిని సమర్థిస్తాయి. సంభాషణలలోని ‘వియర్డ్’ దీనిని సమర్థించదు. మంత్రగత్తె కీడు చేస్తుంది. విధిదేవత జరగబోయేది చెబుతుంది. మాక్‌బెత్ పతనానికి బాధ్యత ఎవరిది అన్న విమర్శ ప్రశ్న ఈ భేదంపైనే ఆధారపడి ఉంది. రెండు పేర్లనూ నిలిపి ఉంచే అనువాదమే మూలానికి న్యాయం చేస్తుంది.

7. క్రియాలోపం:

14వ శతాబ్ది ఉత్తరార్ధంలో కూడా ఈ క్రియ బతికే ఉంది. లాంగ్లండ్ ‘పియర్స్ ప్లౌమన్’లో ఇది విరివిగా, భవిష్యదర్థంలో కూడా కనిపిస్తుంది. సమకాలికుడైన చాసర్‌లో అరుదు. ఆ తరువాత ఇది ‘వో వర్త్ ద డే’ అనే శాపోక్తిలో శిలాజంగా మిగిలింది. 1611 నాటి ఆంగ్ల బైబిలులో ఈ ప్రయోగం ఉంది. ఆ దినానికి దుఃఖం కలుగుగాక అని దాని భావం. ‘వర్త్’ను విలువ అనే అర్థంలో గ్రహించే నేటి పాఠకుడికి ఈ వాక్యం అన్వయించదు.

లోపానికి చెప్పిన కారణాలు పలువిధాలు. స్కాండినేవియన్ సంపర్కం కారణమన్న వాదం బలహీనమైనది. ఆ భాషలలో ‘వెర్ధ’ సజీవంగా ఉండగా, దాని ప్రభావం వెయొర్థన్‌ను నిలబెట్టాలే గాని తొలగించకూడదు. ‘చేరు, వచ్చు’ అనే అర్థం గల ‘బెకుమన్’ క్రమంగా ‘అగు’ అర్థానికి మారి ఆ స్థానాన్ని ఆక్రమించిందన్నది వాస్తవమే. ‘వచ్చు’ ధాతువు నుండే ‘అగు’ అర్థాన్ని పొందిన ఫ్రెంచి క్రియ దీనికి తోడ్పడి ఉండవచ్చు. కాని కొత్త క్రియ రావడం పాత క్రియ పోవడానికి చాలిన కారణం కాదు. రెండూ కొంతకాలం సహజీవనం చేశాయి. పీటర్ పెట్రే 2014లో ప్రచురించిన గ్రంథంలో దీనిని వాక్యనిర్మాణంతో ముడిపెట్టాడు. ప్రాచీన ఆంగ్ల కథనం ‘అప్పుడు’ అనే కాలవాచకంతో మొదలై, ఒక్కొక్క సంఘటనను హద్దు గీసినట్లు వరుసగా చెప్పేది. ‘వెయర్థ్’ ఆ కథన పద్ధతికి అతుక్కున్న క్రియ. ఆ పద్ధతి సడలిపోయినప్పుడు క్రియ తన నెలవును కోల్పోయింది. పదాన్ని ఏకాకిగా గాక అది జీవించిన వాక్యంలో చూసే ఈ వివరణ తక్కిన వాటికంటే సమగ్రమైనది.

ఆంగ్లంలో ‘ఉండు’ అర్థక రూపాలను సంస్కృతంతో పోల్చితే ఈ నష్టం స్పష్టమవుతుంది. ‘ఇజ్’ అస్తికి, ‘బీ’ భవతికి, ‘వజ్’ వసతికి సోదరులు. అస్తి, భవతి, వసతి, వర్తతే అనే నాలుగింటిలో ఆంగ్లం మూడింటిని నిలుపుకొని నాలుగవదానిని వదులుకుంది. అయినా భావం మరో దారిన తిరిగి వచ్చింది. లాటిన్‌లో తరిమెన పట్టడం అనే అర్థం గల పదం నుండి ఎరువు తెచ్చుకున్న ‘టర్న్’ క్రియ ‘టర్న్ పేల్’ (పాలిపోవు) వంటి ప్రయోగాలలో ‘అగు’ అనే అర్థాన్ని పొందింది. తిరుగుడు రెండవసారి అవడంగా మారింది. పదం అంతరించినా, దానిని పుట్టించిన ఊహ అంతరించలేదు.

8. తెలుగు ‘అగు’ ధాతువు:

వెయొర్థన్ కథకు తెలుగులో అసలైన పోలిక ‘వర్తించు’ కాదు, ‘అగు’. తమిళ ‘ఆకు’, కన్నడ ‘ఆగు’లతో సంబంధం గల ఈ ద్రావిడ ధాతువు అర్థంలో వెయొర్థన్‌కు సరిసమానం, మూలంలో ఏ సంబంధమూ లేదు. మూలసంబంధం ఉన్న పదం అర్థంలో దూరం కావడం, మూలసంబంధం లేని పదం అర్థంలో దగ్గర కావడం తులనాత్మక పరిశోధకుడు నిరంతరం గుర్తుంచుకోవలసిన విషయం.

‘అగు’ క్షీణించలేదు సరికదా, భాష నిర్మాణంలో కరిగిపోయింది. అవును, కాదు, కాని, కాబట్టి, కాబోలు, కావాలి, అయితే, అయినా – ఇవన్నీ దీని రూపాలే. ‘అందమైన’లోని ‘ఐన’ విశేషణాన్ని, ‘అందంగా’లోని ‘గా’ క్రియావిశేషణాన్ని ఏర్పరుస్తున్నాయి. ‘జయమగుగాక’ అన్న ఆశీస్సులో ధాతువు రెండుసార్లు వినిపిస్తుంది. జర్మన్ ‘వేర్డెన్’ కూడా భవిష్యత్ కాలానికి, కర్మణికి సహాయక క్రియగా స్థిరపడి బలపడింది. వ్యాకరణ కార్యాన్ని చేపట్టి, దానిని నిలుపుకొన్న క్రియలు మనుగడ సాగించాయి. వెయొర్థన్ కూడా ఆ కార్యాన్ని చేపట్టింది గాని, కర్మణిని ‘ఉండు’ క్రియకు, భవిష్యత్తును ఇతర సహాయక క్రియలకు వదులుకుంది.

9. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. వెయొర్థన్, సంస్కృత వర్తతే ఏకమూలాలు. గ్రిమ్, వెర్నర్ సూత్రాలు దీనిని నిరూపిస్తున్నాయి. వేదస్వరం ఇందులో నిర్ణాయక సాక్ష్యం.

2. తెలుగు ‘వర్తించు’ ఆదానం. దానిని ఆంగ్ల క్రియకు సోదరపదంగా చూపడం పద్ధతిదోషం. ‘వర్ధిల్లు’, ‘వర్తకుడు’ ఉదాహరణలు శ్రవణసామ్యం ఎంతగా తప్పుదారి పట్టించగలదో తెలుపుతున్నాయి.

3. ‘తిరుగు’ అనే మూలార్థం నుండి సంస్కృతంలో కొనసాగింపు, జర్మానిక్‌లో మార్పు ప్రధానమైనాయి. వర్తమానం, వెర్ధంది పదాల తులన దీనికి నిదర్శనం.

4. క్రియ మనుగడ దాని ప్రాచీనతపై గాక, వాక్యంలో అది నిర్వహించే కార్యంపై ఆధారపడుతుంది. ఆంగ్లంలో వెయొర్థన్ లోపం, తెలుగులో ‘అగు’ వ్యాప్తి ఒకే సత్యానికి రెండు ముఖాలు.

తత్సమ, దేశ్య విభాగాన్ని మన పూర్వ వ్యాకర్తలు పదాల పట్టికగా మాత్రమే ఇవ్వలేదు; పదాన్ని దాని వంశం తెలుసుకొని వాడమన్న హెచ్చరికగా కూడా ఇచ్చారు. తెలుగు, ఆంగ్ల పదాల తులనకు పూనుకొనే పరిశోధకులు ఆ విభాగాన్ని తమ మొదటి మెట్టుగా గ్రహించినట్లయితే, నిజమైన సంబంధాలు ఊహాజనిత సంబంధాలకంటే ఎంతో ఆశ్చర్యకరమైనవని తెలుసుకోగలుగుతారు.